ఫఖ్రున్నీసా చుక్క

ఫఖ్రున్నీసాకు యాభై నాలుగేళ్లు. ఏనాడూ గోళ్లకు రంగు వేసుకున్న మనిషి కాదు. అయినా ఆ ఇంట్లో ఎర్ర గోళ్లరంగు సీసా నెలకొకటి ఖాళీ అవుతుంది. ఆ రంగంతా పాత కార్ల రిలేల నెత్తికెక్కుతుంది.

అమీర్‌పేటలో మధురానగర్ వైపు తిరిగే సందులో ఆమె భర్త బాబూ మియాది కార్ల వైరింగు దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. తుక్కుకు పోయిన డీజిల్ కార్ల నుంచి ఊడదీసిన రిలేలు అక్కడికి సంచుల్లో వస్తాయి. రిలే అంటే అగ్గిపెట్టెంత డబ్బా. తాళం తిప్పగానే కాస్త కరెంటు వచ్చి తడితే, లోపలి రేకులు అతుక్కుని పెద్ద కరెంటుకు దారి ఇస్తాయి. చలికాలం పొద్దున డీజిల్ ఇంజన్ లేవాలంటే ముందు దాని హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. వాటికి కరెంటు పంపే రిలే మొరాయించిందంటే కారు గుమ్మం దాటదు. కొన్ని పాత మోడళ్లకు కొత్త రిలేలు రావడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఊడదీసినవే దిక్కు.

బజారులో అందరూ రిలేను బ్యాటరీకి తగిలించి, అది టిక్‌మంటే చాలు, బాగుందంటారు. ఫఖ్రున్నీసాకు ఆ టిక్కు మీద బొత్తిగా గౌరవం లేదు. పరదా వెనక ఒక చెక్కకు ఎనిమిది హెడ్‌లైట్ బల్బులు బిగించి పెట్టుకుంది. వాటికి పోయే కరెంటంతా ఒక్క రిలే గుండా పంపి, వెలుగు తెల్లగా ఉందా, పచ్చబడుతోందా అని చూస్తుంది. మూడు నిమిషాలయ్యాక రిలే మీద బొటనవేలు ఆనిస్తుంది. కాలిందా, అది పనికిరానట్టే, రేకు డబ్బాలోకి పోతుంది. గోరువెచ్చగా ఉంటే మళ్లీ మొదటినుంచి. అలా పదిసార్లు.

"మోత చేసేది వేరు, మోత మోసేది వేరు," అంటుంది. చప్పుడుకూ బరువు మోయడానికీ తెలుగులో ఒకటే మాట ఉండటం ఆమెకు మహా ముచ్చట. పదిసార్లూ బరువు మోసినదానికే ఎర్ర చుక్క పెడుతుంది.

ఆ చుక్క చూసి పంజాగుట్ట దాకా మెకానిక్కులు కళ్లు మూసుకుని కొంటారు. దాన్ని 'బాబూ భాయ్ చుక్క' అంటారు. ఇరవై ఏళ్లుగా బాబూ మియా కాదనలేదు. మంచి మనిషే, కానీ పొగడ్త వచ్చి ఒళ్లో కూర్చుంటే లేవమనే రకం కాదు. ఫఖ్రున్నీసా కూడా పట్టించుకోలేదు. రిలే పని చేయాలి, అంతే.

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం ఆమె నమాజు ముగించి బల్ల దగ్గరికి వచ్చేసరికి గోళ్లరంగు సీసా మూత వంకరగా ఉంది. రేకు డబ్బాలో నాలుగు ఉండాల్సిన రిలేలు మూడే ఉన్నాయి.

"సునో జీ, గీ డబ్బాల రిలే ఎవరికిచ్చిన్రు?"

"మన రాజనర్సయ్యకు. జల్దీ ఉండె ఆయనకు. అన్నిట్ల గదే గట్టిగ టిక్‌మన్నది," అన్నాడు బాబూ మియా.

"చుక్క?"

"పెట్టిన. చుక్క లేంది ఆయన తీస్కుంటడా? ఫికర్ చెయ్యకు."

ఫఖ్రున్నీసాకు ఒళ్లు మండింది. రాజనర్సయ్యా, ఆయన భార్య రాజమ్మా తెల్లవారేసరికి ఇడ్లీలు వండి, పదిహేనేళ్ల డీజిల్ కారులో హాస్టళ్లకు చేరవేసి బతుకుతారు. మర్నాడే ఆ కారుకు ఖైరతాబాద్‌లో మళ్లీ రిజిస్ట్రేషన్ పరీక్ష. గడువుకు అదే ఆఖరి రోజు. పొద్దున చలికి ఇంజన్ లేవకపోతే ఇడ్లీలు గిన్నెల్లో, కారు తుక్కులో. అంత నష్టమూ ఒక దొంగ చుక్కను నమ్మినందుకు. ఫఖ్రున్నీసా అసలు చుక్క ఉన్న రిలే ఒకటి సంచిలో వేసుకుని, బురఖా తొడుక్కుని, పంజాగుట్టలో వాళ్లింటికి ఆటో ఎక్కింది.

రాజనర్సయ్య అప్పటికే రిలే బిగించి, గిన్నెలు తోముతున్న రాజమ్మ పక్కన తీరిగ్గా కూర్చున్నాడు.

"జర బానెట్ తెరువన్నా," అంది ఫఖ్రున్నీసా.

"ఎందుకు భాభీ? బాబూ భాయ్ చుక్క సుత ఉన్నది గద."

"గా చుక్క నాది కాదు."

అనేశాక నాలుక కరుచుకుంది. రాజనర్సయ్య లేచి నిలబడ్డాడు.

"నీది కాదా? అంటే, గిన్నేండ్లు నేను కొన్నయన్ని..."

"అవన్ని మల్ల. ముందు తాళం తిప్పి ఇరవై లెక్కవెట్టు. నాలుగుసార్లు."

ఆయన లెక్కపెట్టాడు. తర్వాత ఆమె చెప్పినట్టు రిలే మీద వేలు పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. ఫఖ్రున్నీసా దాన్ని పీకి, తను తెచ్చింది గుచ్చి, మళ్లీ లెక్కపెట్టమంది. ఈసారి వేలు పెట్టింది రాజమ్మ. తీయకుండా అలాగే ఉంచింది.

"పసిపిల్ల నుదురు ముట్టుకున్నట్టే ఉన్నది," అంది రాజమ్మ. తనకు ఇరవై ఏళ్లుగా తెలిసిన వెచ్చదనానికి మరొకరు పేరు పెట్టడం ఫఖ్రున్నీసాకు ఎంతో హాయిగా అనిపించింది. చాయ్ తాగి ఇల్లు చేరింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కారు దుకాణం ముందుకొచ్చి ఆగింది. రాజనర్సయ్య ఇంజన్ ఆపకుండానే దిగాడు. చేతిలో ఖైరతాబాద్‌లో పాసైన కాగితం.

"ఉస్తాద్ ఉన్నరా?"

బాబూ మియా చేతులు తుడుచుకుంటూ లేచాడు. "చెప్పు రాజన్నా."

"మీరు కాదు భాయ్."

బాబూ మియా ఆయన మొహం చూశాడు, నడుస్తున్న కారును చూశాడు. తర్వాత వెనక్కి నడిచి, పరదా పైకెత్తి మేకుకు తగిలించాడు.

"ఉస్తాద్," అన్నాడు లోపలికి, "నీ కోసం వచ్చిన్రు."

ఎనిమిది బల్బుల వెలుగులో ఫఖ్రున్నీసా తలెత్తలేదు. బొటనవేలు రిలే మీద ఉంది.

"జర ఆగమను," అంది. "ఇది పదోసారి."