చివర ఒక చిన్న 'ఆ'

గత వేసవిలో ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటి దగ్గర వాకింగ్ చేస్తూ, ఎండకు కళ్లు తిరిగి పడిపోయాను. ఫోన్ ఇంట్లో మరిచాను. కార్లేవీ ఆగలేదు. నా ఈడు వియత్నాం ఆవిడ ఒకరు ఇంట్లోంచి పరుగున వచ్చి, నీడలో కూర్చోబెట్టి, ఉప్పులో ఊరిన నిమ్మకాయ నీళ్లు తాగించారు. వాళ్ల భాషలో నాతో అనే ప్రతి మాట చివరా 'ఆ' అంటున్నారు.

"అదేంటమ్మా?" అని వెంట వచ్చిన ఆవిడ మనవరాలిని అడిగాను.

"రెస్పెక్ట్ అంకుల్. అది మర్చిపోతే బామ్మ నన్ను తిడుతుంది."

మన 'అండీ' లాంటిదన్నమాట. మా ఊళ్లో మా నాన్నను 'అండీ' అనాలో 'ఒరేయ్' అనాలో కులమే తేల్చేది. దాని మీద జీవితమంతా పోట్లాడాను. ఈవిడ నా పేరైనా అడగలేదు.

నేను చెప్పిన నంబరుకు ఆ పిల్ల ఫోన్ చేస్తే మా అమ్మాయి వచ్చింది. వెళ్తూ, పిల్ల నేర్పినట్టే "కామ్ అన్ ఆ" అని ఆవిడకు థాంక్స్ చెప్పాను. నిమ్మనీళ్లకు ఎంత రుణపడ్డానో, ఆ చిన్న మాటకూ అంతే రుణపడ్డాను.