అక్క చేతికి కుదిరిన విల్లు

మొన్న మార్కాపురంలో మా పక్కింటి పిల్ల నన్ను కాలేజీ గ్రౌండుకు వెంటబెట్టుకుపోయింది. విల్లుతో బాణాలు వేయడం నేర్చుకుంటోంది. తను వేస్తుంటే చూసి మెచ్చుకునే తీరిక వాళ్ళింట్లో ఎవరికీ లేదట. నా దగ్గర ఉన్నదే తీరిక. నాలుగు బాణాలు వేసి విల్లు నా చేతికిచ్చింది. నడుమంతా ఇనుము, దానికి చిల్లులు, మరలు, పట్టుకునేచోట ప్లాస్టిక్కు. కుట్టుమిషను విప్పి ఒక ముక్క నా చేతిలో పెట్టినట్టుంది. "గట్టిగ పట్టుకోవద్దవ్వా, చెయ్యి ఊరికే ఆనించు, అంతే" అనింది ఆ పిల్ల. ఆ మాట నేను కొత్తగా విన్నది కాదు. దొనకొండలో మా అక్క నా మణికట్టు సరిచేస్తూ అదే చెప్పేది.

మా చిన్నప్పుడు దొనకొండ అంటే రైళ్ళ ఊరు. పొగబండి కూతను బట్టి మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. బండి ఆలస్యమైతే మాకూ తిండి ఆలస్యమే. రైల్వే క్వార్టర్సులో ఒక గార్డు దొర భార్య ఉండేది. దొర పోయినాక ఒంటరిదైంది. మా అక్క ఆ ఇంట్లో పనికి పోయేది. దొరసాని వయసులో బాణాలు వేసిన మనిషి. తనతో కలిసి వేసేవాళ్ళెవరూ మిగలక, అంట్లు తోముతున్న మా అక్కను పెరట్లోకి పిలిచి నేర్పింది. "కోడిగుడ్డు పట్టుకునేది ఎట్ల? అట్ల పట్టుకో" అని తన వచ్చీరాని తెలుగులో చెప్పేదట. మా ఇంట్లో కోడిగుడ్డు కనబడేదే పండక్కి కాబట్టి, మా అక్కకు దాన్ని భద్రంగా పట్టుకోవడం ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఆ విల్లు ఎక్కడి సీమ నుంచి వచ్చిందో గాని, అంతా కట్టెతో చేసినది. పిడి పైన సన్నంగా ఉండి, కింద అరచేతి కండ ఆనేచోట కాస్త ఉబ్బెత్తుగా ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సందు దాని గొంతులో ఒదిగి కూర్చునేది. ఏళ్ళ తరబడి చేతి చెమట తాగి చింతగింజ రంగుకు తిరిగింది. దొరసాని చిన్న మనిషి, చెయ్యీ చిన్నదే. మా అక్క చెయ్యీ సరిగ్గా అంతే. లాగడం మొదలుపెట్టినప్పుడు బరువు తెలిసేది. సగం దాటినాక వంపు తిరిగిన కొసలు తెరుచుకుని, ఇంకా రా అన్నట్టు మెత్తగా సాగేది. దవడ దాకా లాగి వదిలితే చేతిని తన్నేది కాదు. దుప్పటి దులిపినంత చప్పుడు చేసేది. అంతకంటే అవతల గురికి నిలబెట్టిన జొన్న సొప్పకట్టలో బాణం దిగిన చప్పుడే పెద్దది. నేను వేస్తే బాణం ప్రహరీగోడ దాటి పోయేది. మా అక్క వేస్తే, మొదటి బాణం పక్కనే రెండోది పోయి నిలబడేది.

దొరసాని ఊరు విడిచి పోతూ ఆ విల్లు మా అక్కకే ఇచ్చింది. రైల్వేలో ఆటలు చూసే అధికారి ఒకాయనకు చెప్పిపెట్టింది కూడా. కొత్త సంవత్సరం వచ్చినాక ఆయన దొనకొండ వస్తాడు, నీ ఆట చూస్తాడు, నచ్చితే ఉద్యోగం ఇప్పిస్తాడు అని చెప్పింది. అప్పట్నుంచి మా అక్క పొద్దున్నే లేచి సొప్పకట్ట ముందు నిలబడేది. పని కాగానే తాడు విప్పి, విల్లును పాత చీరలో చుట్టి దూలానికి కట్టేది.

క్రిస్మస్‌కు చర్చిలో నాటకం వేస్తారు. ఆ ఏడు ఆడింది విల్లు పట్టే రాజకుమారుడున్న బైబిలు కథ, ఆ రాజకుమారుడి వేషం సంఘపెద్ద కొడుకుది. సంఘపెద్దకు పొలాలున్నాయి, మా నాయన వాళ్ళ చేలోనే కూలి. పండగ రోజు మా అక్క నీళ్ళకు పోయినప్పుడు ఆ అబ్బాయి వాకిట్లోకొచ్చి, "మామా, మీ విల్లు ఒక్కపూట ఇయ్యి. వెదురుబద్ద పట్టుకుంటే రాజకుమారుడి మాదిరి లేను, జొన్నచేలో పిట్టలు తోలేవాని మాదిరున్నా" అన్నాడు. మా నాయన నవ్వి, దూలం మీది నుంచి దింపి ఇచ్చేశాడు.

అలాంటి విల్లుకు తాడు లేనప్పుడు కొసలు ముందుకు వంగి ఉంటాయి. వాటిని ఎదురు తిప్పి, తొడ అడ్డం పెట్టి వంచి తాడు ఎక్కించాలి. తెలియనివాడికి ఎటు వంగి ఉందో అటే కట్టాలనిపిస్తుంది. ఆ అబ్బాయి అట్లాగే కట్టి, అందరి ముందూ చెవిదాకా లాగాడు. పెట్రోమాక్సు వెలుతురులో విల్లు ఫెళ్ళుమని విరిగింది. జనం నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ చాపల మీద నా పక్కన కూర్చున్న మా అక్క ఒక్కతే లేచి నిలబడింది.

"పాత కట్టె పాపా, ఎప్పుడో పుచ్చి ఉంటది. పండగపూట ఏడుపేంది?" అన్నాడు సంఘపెద్ద.

"పొద్దున నేనేసినప్పుడు పుచ్చలేదే పెద్దమామా?"

"ఏయ్, గమ్మునుండు" అని మా నాయన ఆమె భుజం పట్టి ఇంటికి తీసుకొచ్చాడు.

"నన్నొక మాట అడగాలని తోచలేదా నాయనా?" అనింది ఇంటికొచ్చినాక.

"వాకిట్లో నిలబడి అడిగితే కాదనేదెట్లమ్మా? రేపు కూలికి పిలిచేది వాళ్ళే గదా."

"ఆ కూలి నీకు తప్పాలనే గదా నేను నేర్చుకునింది" అనింది మా అక్క.

అన్నట్టే అధికారి వచ్చాడు. విషయం విని, పర్వాలేదులెమ్మని జీపులోంచి తన విల్లే తీసి ఇచ్చాడు. ఆయన పిడికిలికి చేయించుకున్న పిడి, రోకలంత లావు. మా అక్క వేళ్ళు చుట్టూ అందలేదు. అరచేయి ఆనించేదానికి చోటు దొరక్క గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది. లాగినకొద్దీ విల్లు పక్కకు తిరిగింది. తాడు వచ్చి ముంజేతిని కోసినట్టు కొట్టింది. ఒక బాణం మట్టిలో దిగింది, ఒకటి సొప్పకట్ట పైనుంచి పోయింది. "ఇది నా చేతికి కుదరలేదు సార్" అనింది. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వుతూనే అన్నాడు: "ఆట వచ్చినవాళ్ళకు ఏ విల్లయినా కుదరాలమ్మా." జీపు పోయినాక ఆమె ముంజేయి కమిలి నల్లబడింది. మా అమ్మ పసుపు రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

తర్వాత మా అక్క మార్కాపురంలో రాతి పలకలు కోసే పనికి పోయింది. రాతిపొడిలో బతికి, రాతిపొడి పీల్చి, దగ్గుతోనే పోయింది. సమాధి దగ్గర రెండు మాటలు చెప్పింది ఆ రాజకుమారుడే. ఇప్పుడు సంఘపెద్ద అతనే. "ఈ అక్కకు చిన్నతనంలో బాణాలంటే మహా సరదా" అన్నాడు ప్రేమగా, కళ్ళు తుడుచుకుంటూ. విల్లు మాట ఎత్తలేదు. దాచిపెట్టి కాదు, నిజంగానే గుర్తులేదు అతనికి. ఆ పండగ సాయంత్రం అతనికి ఆ రాత్రి భోజనాలతోనే అయిపోయింది. మా అక్కకు అది తెల్లవారడానికి ఒక జీవితకాలం కూడా చాలలేదు.