రెండు బటన్ల మధ్య ఖాళీ

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. ఆఫీసులో అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పడం కాస్త సులువనిపిస్తోంది. ఇందులోనూ పిరికితనమే ఉంది. ఉండనివ్వండి. చెప్పేస్తాను.

కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా ఉద్యోగం. కోడుమూరు వైపు నేతవాళ్ల కోసం మేము ఒక యాప్ చేశాం. చేనేత సంఘం నుంచి కొత్త చీరల ఆర్డరు వస్తే, చీర బొమ్మతో సహా నేతవాళ్ల ఫోన్లో కనిపిస్తుంది. కింద రెండు బటన్లు. ఒకటి ‘నేస్తాను’, ఇంకొకటి ‘వద్దు’. ఒకసారి వద్దంటే ఆ ఆర్డరు వెంటనే ఇంకొకరికి పోతుంది.

బటన్ ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి, పక్కదానికి ఎంత దూరంలో ఉండాలి అని మాకు నియమాలుంటాయి. డిజైన్ సిస్టమ్ అంటాం. ఎవరు ఏ స్క్రీన్ తయారుచేసినా, అది ఆ నియమాల ప్రకారం ఉందో లేదో తనంతట తానే చూసే ప్రోగ్రాం ఒకటి మా దగ్గర ఉంది. బాగుంటే ఆకుపచ్చ, తప్పుంటే ఎరుపు. ఎరుపు వస్తే ఆ స్క్రీన్ బయటికి పోదు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. దాన్ని చూసుకుని ఎంత మిడిసిపడ్డానో. ఎవరి పనిలోనైనా రంగు కాస్త తేడా వస్తే నిలబెట్టి అడిగేవాణ్ణి. వెనకాల నన్ను ‘ఎస్సై’ అనేవాళ్లు. అది నా చెవిన పడి, లోలోపల మురిసిపోయాను కూడా.

ఒకసారి సంఘం వాళ్లు చీర బొమ్మ ఇంకా పెద్దగా కావాలన్నారు. మర్నాడే చూపించాలి. ఆ స్క్రీన్ నా వంతు. బొమ్మ పెరిగేసరికి కింద చోటు చాలక రెండు బటన్లూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి. ప్రోగ్రాం ఎరుపు చూపించింది. మధ్యలో ఖాళీ లేదంది. నేను నేర్పిన మాటే నాకు చెప్పింది. మళ్లీ సర్దాలంటే చాలా పని. ఈ ఒక్క స్క్రీన్‌ను చూడకుండా వదిలేయమని ఆ ప్రోగ్రాంలో ఒక లైను రాశాను. అలా రాసే వీలు నాకొక్కడికే ఉండేది. ఆకుపచ్చ వచ్చింది. తర్వాత సరిచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నానేమో. అదే పని ఇంకొకరు చేసి ఉంటే వాళ్లను ఎన్ని మాటలనేవాణ్ణో నాకు తెలుసు.

కోడుమూరు దగ్గర ఒక ఊళ్లో ఒకామె ఉంది. నాగవేణి అనుకోండి, అసలు పేరు అది కాదు. ఆ ఇంట్లో మగ్గం మీద కూర్చునేది ఆమే. ఆ వీధిలో అందరికంటే ముందు యాప్ నేర్చుకున్నదీ ఆమే. మిగతా ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఏ ఆర్డరు పట్టుకోవాలో, ఏది వదలాలో అంతకుముందు భర్త చెప్పేవాడు. యాప్ వచ్చాక ఆమే చూసుకునేది. పండగ ముందు పెద్ద అంచు చీరల ఆర్డరు వచ్చింది. ఇల్లంతా దానికోసమే ఎదురుచూస్తోంది. ఆమె ‘నేస్తాను’ నొక్కింది. ఫోన్ ‘వద్దు’ అని తీసుకుంది. ఆర్డరు ఇంకో ఊరికి పోయింది.

ఫిర్యాదు వస్తే ఆఫీసు వాళ్లు నన్నే పంపారు. బస్సులో ఉండగానే నాకు సంగతి అర్థమైంది. నేను వెళ్లేసరికి ఆమె మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది.

“నేస్తాననేదే ఒత్తినా అప్పా. నా వేలు దాని మీదనే ఉండె. ఎట్ల పోయిందో నువ్వే చూడు,” అంది.

భర్త గడప దగ్గరే నిలబడ్డాడు. “నీకు ఫోన్ ఎందుకే అంటే ఇనలేదు. ఇప్పుడు చూడు,” అన్నాడు ఆమెతో.

నేను ఆ స్క్రీన్ తెరిచాను. నా వేలు పెడితే రెండు బటన్ల మీదా పడింది. అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట. ఆమె నా మొహమే చూస్తోంది.

“యాప్‌లో తప్పేం లేదక్కా. అన్నీ చెక్ చేసే పంపిస్తాం. నువ్వే చూసుకోకుండా ఒత్తింటావు,” అన్నాను.

వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే ఒప్పుకునేవాణ్ణేమో. ఆమె కాసేపు తన వేళ్ల వంక చూసుకుంది.

“అట్లనా అప్పా. అయితే నేనే ఒత్తింటాలే. సదువు లేనోళ్లకి ఇవన్నీ యాడ వస్తాయి,” అంది.

నా చేతిలోంచి ఫోన్ తీసుకుని భర్తకిచ్చింది. అతనికి లాక్ తీయడం రాలేదు. గీత ఎట్లా గీయాలో ఆమే పక్కన నిలబడి నేర్పింది, ఓపికగా. నేను మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోదు, నాలుగు చివాట్లు పడేవి, అంతే. ఇన్నాళ్లూ నేను నిలబెట్టి అడిగిన వాళ్లంతా నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం కోసం చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆఫీసుకు రాగానే ఆ లైను తీసేశాను. బటన్లు దూరం జరిపాను. ‘చిన్న సవరణలు’ అని రాసి కొత్త యాప్ పంపించాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మరుసటేడు ఇంకో పని మీద మళ్లీ ఆ వీధికి పోయాను. ఫోన్ ఇప్పుడు భర్తదైపోయింది. ఏం నేయాలో అతను చెబుతాడు, ఆమె నేస్తుంది. ఆడవాళ్లు ఆమె దగ్గరికి రావడం మానేశారు. మళ్లీ ఒకసారి నొక్కి చూడక్కా అని నా ఫోన్ చాపాను. నవ్వి, తనకు రాదని చెప్పి, చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఆమె సరిగ్గానే నొక్కింది. తప్పు నాది, తెలిసి చేసిందే, తెలిసే ఆమె మీదికి నెట్టాను. ఇది రాశాక నాకు కొంచెం తేలిగ్గా ఉంది, దాచను. ఆమె మాత్రం ఇప్పటికీ మగ్గం మీద కూర్చుని, ఫోన్ మోగితే, భర్తను పిలుస్తూ ఉంటుంది.