ఈదమ్మ ఇచ్చిన గొంగడి

పొద్దు గుంకే వేళకు ఈదమ్మ మందకు ఎదురుపోయేది. గొర్లు ఊరి బయటి ఇసుక వాగు దాటుతుంటే కూనలను చంకనెత్తి అవతలికి చేర్చి, దొడ్లోకి తోలి, కంప అడ్డం వేసి, అప్పుడు పొయ్యి ముట్టించేది. ఆ చలికాలం నుంచి ఆ పని అత్త గోపమ్మ మీద పడింది. ఈదమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని పంచాయతి గోడ వారన కూర్చోవడానికి పోతోంది. అక్కడ రేడియో ఉంది. రేడియోలో లడాయి ఉంది. లడాయిలో ఆమె మొగుడు కురుమయ్య ఉన్నాడు.

వాళ్లది కోస్గి దగ్గరి కురుమల వాడ. గొర్లు కాయడం, ఉన్ని వడకడం, గొంగడి నేయడం తప్ప తాతల నాటి నుంచి వేరే పని ఎరగరు. ఈదమ్మ కాపురానికి వచ్చిన మరుసటేడు వానలు లేక, మేత లేక, మందలో సగం గొర్లు కళ్ల ముందే కూలిపోయాయి. పట్నంలో పల్టన్‌లోకి మనుషులను తీసుకుంటున్నారని విని కురుమయ్య పోయాడు. సెలవుకు వచ్చినప్పుడు తల్లి గొంగడి మడతపెట్టి ఇస్తే నవ్వాడు.

"గీ నల్ల గొంగడి కప్పుకుంటె మా సాబులు నవ్వుతరే అమ్మా. సర్కారు అన్ని ఇస్తది, ఫికర్ జెయ్యకు."

ఆ సర్కారు అంతకు ముందంతా చైనావాళ్లు మన అన్నదమ్ములని చెప్పింది. సర్పంచి రఘుపతి బడి పిల్లల చేత ఆ మాటే గొంతు చించుకునేలా అరిపించాడు. ఆ చైనాతోనే లడాయి వచ్చాక, అదే రఘుపతి ఇప్పుడు రేడియో పక్కన కూర్చుని మీసం దువ్వుతున్నాడు.

"మన పెద్దలు చైనోళ్లను ఎల్లగొట్టమన్నరు, ఇన్నవా ఈదమ్మా? ఇగ అయిపాయె. నీ మొగడు ఇద్దర్ని సంకల పెట్టుకొని తెస్తడు సూడు. మీ దొడ్లె పెంట తీసెతందుకు పనికొస్తరు."

"తెచ్చుడు తర్వాత పటేలా. ఆడ సలి ఎట్లున్నదో జెప్తాందా నీ రేడియో?"

"మంచు కొండలంట. గట్టిగనే ఉంటది."

"మరి కప్పుకునేటందుకు?"

రఘుపతి రేడియో చెవి తిప్పాడు. పాట వచ్చింది.

కొన్నాళ్లకు తాలూకా నుంచి జీపు వచ్చింది. జవాన్లకు తోచింది ఇవ్వండని మైకులో అడిగారు. బంగారం ఉన్నవాళ్లు బంగారం ఇచ్చారు. కురుమల వాడ గొంగళ్లు ఇచ్చింది. ఈదమ్మ, పెళ్లినాడు తామిద్దరూ కూర్చున్న గొంగడే తెచ్చింది. ఆ వాడలో గొంగడి అంచుకు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో తీరు కుట్టు వేస్తారు. చీకట్లో తడిమినా ఎవరిది వాళ్లకు తెలిసిపోతుంది. కురుమయ్య ఎక్కడున్నా ఆ అంచు తడిమి, ఇది మన ఇంటిదేనని అందుకుంటాడని ఈదమ్మ నమ్మింది. దేశం ఎంత పెద్దదో, లడాయికి ఎంతమంది పోయారో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. జీపు మీది అయ్య "తప్పకుండా అందుతుందమ్మా" అన్నాడు.

తర్వాత లడాయి ఆగింది. చైనావాళ్లు తమంతట తామే వెనక్కి పోయారని రేడియో చెప్పింది. ఎల్లగొట్టమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒకనాడు పల్టన్ మనిషి ఒకడు వచ్చి "కురుమయ్య కనబడతలేడు" అని చెప్పి, మంచినీళ్లు తాగి పోయాడు. చచ్చాడనలేదు. బతికున్నాడనీ అనలేదు.

ఎండలు ముదిరినప్పుడు హుజూర్‌నగర్ వైపు మనిషి ఇస్రాయేలు వెతుక్కుంటూ వచ్చాడు. కురుమయ్యతో పాటు లడాయికి పోయి, చైనావాళ్లకు పట్టుబడి, విడుదలైనవాడు. ఒక కాలికి వేళ్లు లేవు. గడప ముందు కూర్చుని తల ఎత్తకుండా చెప్పాడు.

"ఎండలున్న కాడికెల్లి సక్కగ మంచులకు తోలిన్రు వదినా. గవే పత్తి అంగీలు, గవే గుడ్డ బూట్లు. తూటాలు ఒడిసినంక మళ్ల ఎవ్వలు పంపలే. ఆ కొండను కండ్లార సూడనోళ్లు యాడనో దూరం కూసొని, కదలకుండ్రి అన్నరు. కదలలే. ఆఖరికి తలో దిక్కు సెదిరిపోయినం."

"ఆయన?"

"నాతోనే నడిసిండు. కాళ్లు నల్లగయినయి. 'నువ్వు నడువు తమ్మీ, నేను జర కూసొని వస్త' అన్నడు."

"వచ్చిండా?"

ఇస్రాయేలు నేల మీద గీతలు గీశాడు.

"గొంగడన్న ముట్టిందా ఆయనకు?"

"గొంగడా?" అతనికి అర్థం కాలేదు. "మాకెవ్వలకు ఏది రాలే వదినా."

మర్నాడే ఈదమ్మ బస్సెక్కి, మొగుడి సంగతి అడుగుదామని తాలూకా కచేరికి పోయింది. అడిగినవాడల్లా ఇంకొకరిని చూపించాడు. వెనక రేకుల షెడ్డులో గొంగళ్ల కట్టలు కనిపించాయి. వేసిన తాళ్లు వేసినట్టే ఉన్నాయి. ఎలుకలు కొరికిన ఒక అంచు బయటికి వేలాడుతోంది. తడమకుండానే గుర్తుపట్టింది.

"పంపేటాలకు లడాయే ఒడిసె," అన్నాడు గుమాస్తా. "నీదైతె నువ్వు తీస్కపోమ్మా."

"ఆయనకిచ్చిన," అంది ఈదమ్మ. "మీరు ఆయనకే ఇయ్యున్రి."

వానలు వెనకబట్టాక పెత్తరమాస వచ్చింది. ఆ అమావాస్య నాడు, ఇంట్లో పోయినవాళ్ల పేరున చాటలో బియ్యం కుప్పలు పోసి, కుప్పకొక కూరగాయ పెట్టి అయ్యగారికి ఇస్తారు. కుప్పలు పోయడం కోడలి పని. ఈదమ్మ మామకు పోసింది. మామ తల్లికి పోసింది. పురిట్లో పోయిన ఆడబిడ్డకు పోసింది. చేతులు దులుపుకుంది.

"ఇంకొకటి పొయ్యి బిడ్డా," అంది గోపమ్మ గోడకానుకుని.

ఈదమ్మ చాట దగ్గరికి జరుపుకుంది.

"కూడు లేక తిరుగుతాండే నా కొడుకు. కలలకొచ్చి సలి, సలి అంటాండు. కన్నదాన్ని, నాకు సంబురమా? పొయ్యి."

"పోస్తె సచ్చినట్టే గద అత్తా."

"సచ్చిండే పిల్లా!"

"ఎవలు జెప్పిన్రు? పంపినోళ్లు జెప్పలే. వాళ్లకే నోరు లేస్తలేదు, నా చేతులతోని నేనెందుకు సంపాలె? రమ్మను. గీ గడపల నిలబడి, మేం పంపినం, మేం సంపుకున్నం అనుమను. అప్పుడు పోస్త."

గోపమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. బయట అయ్యగారు రెండోసారి పిలిచాడు.

ఈదమ్మ బియ్యం కుండ మీద మూత పెట్టి, చాట ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. నాలుగో కుప్ప కోసమని గోపమ్మ తెచ్చిపెట్టిన బీరకాయ నేల మీదే ఉండిపోయింది.