రైలు పట్టాల మీద మామ బండి

ఇది చదివాక నా చేతికి స్క్రూడ్రైవర్ కాదు కదా, చెంచా ఇవ్వడానికి కూడా మీరు జంకుతారు. అయినా చెప్తాను.

పెళ్లయిన కొత్తలో కళ్యాణదుర్గం దగ్గర అత్తగారి ఊరికి వెళ్లాను. మామ వేరుశనగ రైతు. ఆయన దగ్గితే నాలుగిళ్ల అవతల పిల్లలు ఏడుపు ఆపేవారు. అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ, "బండి మిట్టెక్కల్లంటే మూలుగుతాంది అల్లుడా" అన్నాడు. కొత్త అల్లుడి బుర్రలో పురుగు తొలచడానికి అది చాలు.

వెంటనే ఆయన మోటార్‌సైకిల్‌కు ట్యూనర్ తెప్పించాను. అరచేతిలో పట్టే నల్ల డబ్బా అది. ఇంజన్‌లోకి పెట్రోలు ఎంత చిమ్మాలో బండిలోని కంప్యూటర్ చెప్తుంది. ఈ డబ్బా మధ్యలో దూరి ఆ మాట మారుస్తుంది. మామ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా సీటు విప్పి తగిలించాను. పెట్రోలు ఎక్కువైతే బలం ఎక్కువే కదా అని ఆ డబ్బాకు కలిపిన ఫోన్‌ యాప్‌లో గీతలన్నీ పైకంటా జరిపాను. ముద్ద ఎక్కువైతే మనిషికే ఆయాసం వస్తుంది, ఇంజన్‌కు రాదా అని తోచలేదు.

సాయంత్రం మామను వెనక ఎక్కించుకుని బయల్దేరాను. మిట్ట మీద బండి ఎగిరింది.

"ఏం చేసినావప్పా, లేగదూడ మాదిరి ఉరుకుతాంది."

"సర్వీసింగ్ మామా" అన్నాను గొప్పగా. వెనక వస్తున్న నల్లపొగను ఇద్దరం చూడలేదు.

రైల్వే గేటు దగ్గర వేగం తగ్గించాను. సరిగ్గా పట్టాల మధ్యకు రాగానే బండి తుమ్మి ఆగిపోయింది. స్టార్టర్ నొక్కితే గరగర, పెట్రోలు కంపు. అప్పుడే గంట మోగింది.

"ఏమైంది?"

"ఏం లేదు మామా."

"ఏం లేకుంటే ఈడ ఏంటికి నిలిపినావు?"

సగం దిగిన గేటును ఆపి గేట్‌మన్ అరిచాడు. "రైలొస్తాండాది, జరుగన్నా."

దూరంగా కూత వినిపించింది. దిగి తోశాను. బండి కదల్లేదు. "ఒక చెయ్యి వెయ్యి మామా" అని తిరిగితే మామ లేడు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, గేటు కింద దూరి, అవతలి కంపచెట్లలో ఉన్నాడు.

"బండి ఇడ్సిపెట్టి రా అల్లుడా, నా బిడ్డ ముఖం చూసైనా రా."

వదిలేయబోతూ చూస్తే బండి గేరులో ఉంది. ఇంతసేపూ నేను తోసింది గేరులో బిగుసుకున్న బండిని. క్లచ్ పట్టి తోయగానే అది నన్ను లాక్కుంటూ పట్టాలు దాటి, గేటు అవతల గుంతలో పడింది. మా వెనకే రైలు భూమి అదిరేలా వెళ్లిపోయింది.

మామ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఊడిన సీటు కింద నల్ల డబ్బా వేలాడుతోంది. జరిగింది చెప్పి, చెంపదెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. ఆయన పంచెకు గుచ్చుకున్న ముల్లొకటి పీకి పారేశాడు.

"ఈ డబ్బా సంగతి నేను యాడా చెప్పను. నేను ఉరికింది నువ్వు యాడా చెప్పాకు."

ఒప్పుకున్నాను. డబ్బా పీకేసి బండిని ఇంటికి తోసుకొచ్చాం. అత్త గుమ్మంలోనే అడిగింది. "పంచె నిండా ఈ ముండ్లేంది?"

"రైలుకు అడ్డం పోయి నీ అల్లుణ్ణి బయటికి గుంజినా" అన్నాడు మామ.

నేను తలూపాను. ఆ రాత్రి ఊరంతా వచ్చి ఆయన కాళ్లకు మొక్కించింది, నా చేత.

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ప్రాణమున్నంత వరకు బండి సీటును కూర్చోవడానికే వాడతాను.