వంద వాట్ల మనుషులు

లక్సెట్టిపేటలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ముకర్రం మే నెల వచ్చిందంటే మనుషులను వాట్లలో లెక్కేస్తాడు. టిఫిన్ డబ్బా అంత ఉండే అతని కంప్యూటర్ వాడేది ముప్పై వాట్లే. ఊరికే కూర్చున్న మనిషి మాత్రం వంద వాట్ల వేడి వదులుతాడని ఎక్కడో చదివాడు. అప్పటి నుంచి గదిలోకి ఎక్కువ మందిని రానివ్వడు. డబ్బాను నాలుగు సీసా మూతల మీద నిలబెట్టి, పసిపిల్ల నుదురు చూసినట్టు మాటిమాటికీ అరచెయ్యి ఆనించి చూస్తాడు. "బాపూ, ఎండల నడిసొచ్చినవ్. జర సేపు చల్లబడి రా," అని లావాటి పెద్దమనిషిని వాకిట్లోకి పంపేస్తాడు.

మొన్న వర్షిత అనే అమ్మాయి హాస్టల్ సీటుకు దరఖాస్తు పెట్టడానికి తల్లితో వచ్చింది. గడువు ఆ రోజు ఐదింటి దాకే. సరిగ్గా ఫొటో ఎక్కించే చోట కంప్యూటర్ వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది. ముకర్రం ఆ అమ్మాయి తల్లిని బయటికి పంపాడు. నాలుగూ యాభైకి మళ్లీ ఆన్ చేసి గదంతా కలియజూశాడు. ఇంకా ఇద్దరున్నారు: ఆ అమ్మాయి, తను.

"చెల్లె, నా కుర్చీల నువ్వు కూసో," అని తనే ఎండలోకి నడిచాడు. కిటికీ ఊచలు పట్టుకొని, "ఫొటో ఎక్కియ్యి. ఇగ కింద నొక్కు. గట్టిగ ఊపిరి ఇడువకు," అని చెబుతుంటే, ఆ పిల్ల ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నొక్కింది.

ఐదుకు రెండు నిమిషాలుండగా రసీదు వచ్చింది.

"ఇగ లోపలికి పో అన్నా, చెమటలు కారుతున్నయ్," అంది వర్షిత తల్లి.

ముకర్రం కదల్లేదు. వాకిట్లో నిలబడ్డ వాళ్ల వైపు తిరిగి, "మీల టైపింగ్ ఎవలకొస్తది?" అని అడిగాడు.