ముక్కు తేల్చిన నేరం

ఒమాన్‌లో సోహార్ నుంచి మస్కట్ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న నిజామాబాద్ మనిషిని, తాగి డ్యూటీకి వచ్చాడని కంపెనీ పంపించేస్తోంది.

"తాగలే సారూ. ఎండకు సైట్ల పడిపోయిన. తెలివి తెప్పియ్యాలని మావోళ్లు సెంటు సీస మొత్తం నా మూతి మీద కుమ్మరించిండ్రు. డాక్టర్ వచ్చి గా సెంటుల స్పిరిట్ వాసన సూసి, తాగిండన్నడు."

"రక్తం తీసి పరీక్ష చేయలేదా?"

"ఏడ సారూ! నలుగురు కూసోని ఎంక్వైరీ అన్నరు. డాక్టర్ చెప్పిండు, తక్కినోళ్లు తలలూపిండ్రు. ఇంటికాడ కల్లు తాగుత, అబద్ధమెందుకు? గా దినం మాత్రం తాగలే. ఇప్పుడు ఇంటికి పోతే, తాగి కొలువు పోగొట్టుకున్నడనే అంటది మా ఆమె."

పెద్ద చదువు చదివిన ఆ వైద్యుడికీ, పొగ వాసన చూసి దయ్యం పేరు చెప్పే భూతవైద్యుడికీ నాకు తేడా కనిపించలేదు. భూతవైద్యుడు తనది శాస్త్రమని బోర్డు పెట్టుకోడు, అంతే.

మస్కట్‌లోని రూవీలో కంపెనీ ఆఫీసు ముందు బస్సు ఆగింది. ఆఖరిసారి బతిమాలుకోవడానికి ఆయన అక్కడే దిగాలి. లేవబోతూ నా ముఖం దగ్గరకు వంగి, నోరు తెరిచి గాలి వదిలాడు.

"జర సూడుండ్రి సారూ, ఏమన్న వస్తున్నదా?"

ఎప్పుడో జరిగినదానికి ఇప్పటి ఊపిరి సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయినా వాసన చూశాను.

"ఉల్లిగడ్డ" అన్నాను.

"గదే మాట లోపలికొచ్చి జెప్తరా?"

ముక్కే న్యాయస్థానమైనచోట ఇంకో ముక్కు ఉంటే తప్పేమిటనుకుని, ఆయన వెంట దిగాను.